పికప్‌కి అల్లాయ్‌లు: స్టడ్ల మీదికి ఎక్కినంత మాత్రాన పట్టినట్టు కాదు

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా డిస్కుల (చక్రం రిమ్ముల) షాపుకి పోతే ముందు అడిగే ప్రశ్నలు రెండే. "ఎన్ని ఇంచులన్నా? ఎన్ని హోల్సు?" పదిహేడు, ఆరు అని చెప్పగానే గోడకి తగిలించినవాట్లో సగం కిందికి దించి వరసగా పెడతారు. అక్కడినుంచి మాటంతా నలుపా, గన్‌మెటలా, అంచు మెరవాలా వద్దా అనే దాని మీదే నడుస్తుంది.

ఆ రెండు ప్రశ్నలకి జవాబు కుదిరితే డిస్కు స్టడ్ల మీదికి, అంటే హబ్బు (చక్రం బిగించే ఇరుసు కొస) నుంచి పొడుచుకొచ్చిన బోల్టుల మీదికి ఎక్కుతుంది, అంతే. అది ఎంత బరువు మోస్తుంది, మడ్‌గార్డ్ నుంచి ఎంత బయటికొస్తుంది, లోపల బ్రేకు కాలిపర్‌కి తగులుతుందా, నట్టు దాని గుంతలో సరిగ్గా కూర్చుంటుందా అనేవి వేరే లెక్కలు. కారు విషయంలో వీటిలో ఒకటి అటూ ఇటూ అయినా కొన్నాళ్లు నడిచిపోతుంది. పికప్‌లో నడవదు. వెనక యాక్సిల్ మీద పడే బరువే వేరు.

మన వైపు పికప్‌లు రెండు రకాలు. మహీంద్రా బొలెరో పికప్, టాటా యోధా లాంటి లోడు బండ్లు ఒక రకం. ఇందుకూరుపేట, అల్లూరు గుంటల దగ్గర రొయ్యల ట్రేలూ ఐసూ, చీమకుర్తి క్వారీల దగ్గర డీజిల్ డ్రమ్ములూ కంప్రెసర్ సామానూ మోసేవి ఇవే. ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటివి రెండో రకం. ఇంటికీ పొలానికీ గుంటలకీ తిరుగుతాయి, వెనక బరువు ఎప్పుడో ఒకప్పుడు. మొదటి రకానికి అల్లాయ్ (అల్యూమినియం డిస్కు) వద్దనే చెప్తాను, కారణం బరువు లెక్కలో కనపడుతుంది. రెండో రకానికి నిక్షేపంగా వేసుకోవచ్చు, కింద చెప్పినవన్నీ కొలుచుకున్నాక.

హోల్సు, నడిమి బొక్క

హోల్స్ సంఖ్య ఒక్కటీ చాలదు, అవి ఏ వృత్తం మీద ఉన్నాయో కావాలి. దాన్నే పీసీడీ అంటారు. ఆరు హోల్స్ అయితే కొలవడం తేలిక. ఎదురెదురుగా ఉన్న రెండు స్టడ్ల నడిమి నుంచి నడిమికి టేపు పెడితే వచ్చేదే పీసీడీ. వి-క్రాస్, హైలక్స్ రెండూ 6×139.7. అంటే ఐదున్నర అంగుళాలు. పక్కపక్క స్టడ్ల మధ్య 69.85 మి.మీ. రావాలి.

ఐదు హోల్స్ అయితే ఒక స్టడ్‌కి సరిగ్గా ఎదురుగా ఇంకోటి ఉండదు, అందుకే చాలామంది ఇక్కడ తప్పు కొలుస్తారు. పక్కపక్కనున్న రెండు స్టడ్ల నడిమి దూరం కొలిచి 1.7తో హెచ్చించండి. 82 వస్తే 139.7 పీసీడీ, 94 వస్తే 160, 67 వస్తే 114.3. మహీంద్రా, టాటా బండ్లలో మోడల్‌ని బట్టీ తయారైన సంవత్సరాన్ని బట్టీ ఇది మారుతుంది కాబట్టి "అన్ని బొలెరోలకీ ఒకటే" అన్నవాళ్ల మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి. స్టడ్‌కి గానీ హోల్‌కి గానీ నడిమి ఎక్కడుందో కంటితో పట్టుకోవడం కష్టం. ఒక స్టడ్ ఎడమ అంచు నుంచి పక్క స్టడ్ ఎడమ అంచుకి కొలిస్తే అదే దూరం వస్తుంది, తేడా పడదు.

రెండు మూడు మి.మీ. తేడా ఉన్నా కొందరు గన్నుతో బిగించి ఎక్కించేస్తారు. స్టడ్లు కొద్దిగా వంగి హోల్‌లోకి పోతాయి. నట్టు బిగిసినట్టే ఉంటుంది, ఆ స్టడ్ మాత్రం రోజూ వంపు తట్టుకుంటూ తిరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకి ఒకటి మొదట్లోకి విరుగుతుంది. దాని బరువు పక్కదాని మీద పడి అదీ పోతుంది.

ఇక నడిమి బొక్క, అదే సెంటర్ బోర్. వి-క్రాస్ హబ్బు 100 మి.మీ. దగ్గర్లో ఉంటుంది, హైలక్స్‌ది 106. రెండింటికీ హోల్సు ఒకటే కాబట్టి హైలక్స్ నుంచి తీసిన డిస్కులు వి-క్రాస్‌కి అమ్ముతుంటారు. ఎక్కుతాయి. నడుమ ఆరు మి.మీ. ఖాళీ మిగులుతుంది. అక్కడ రింగు వెయ్యకపోతే డిస్కుని నడిమికి తెచ్చే పని మొత్తం నట్లదే. కోను నట్లయితే చాలావరకు తెస్తాయి, బల్లపరుపు వాషర్ ఉన్న నట్లయితే తేలేవు. ఎనభై దాటాక స్టీరింగ్ వణుకుతుంది, మూడుసార్లు బాలెన్సింగ్ చేయించినా తగ్గదు. రివర్స్‌లో వి-క్రాస్ డిస్కు హైలక్స్‌కి అసలు ఎక్కదు, హబ్బు దూరదు. లేతు మీద కోయిస్తామంటారు. నడిమి దగ్గర లోహం తగ్గించిన డిస్కుని లోడు బండికి వెయ్యకూడదు.

రింగులు కొనేటప్పుడు ప్లాస్టిక్‌వి వద్దు. ఉదయగిరి కొండల వైపు ఘాట్‌లో దిగేటప్పుడు డిస్క్ బ్రేకు వేడికి మెత్తబడి వంకర పోతాయి. అల్యూమినియం రింగులు దొరుకుతాయి, బయటి కొలత డిస్కు బొక్కకీ లోపలి కొలత హబ్బుకీ సరిపోవాలి. రెండూ వెర్నియర్‌తో కొలిపించండి. టేపుతో కొలిస్తే కుదరదు.

ఈటీ: అసలు గొడవంతా ఇక్కడే

డిస్కు వెడల్పుకి సరిగ్గా నడిమి గీత గీశారనుకోండి. హబ్బుకి ఆనే ముఖం ఆ గీతకి ఎంత దూరంలో ఉందన్నదే ఆఫ్‌సెట్. డిస్కు వెనక ఈటీ అని పోత పోసి పక్కన అంకె ఉంటుంది. ప్లస్ అంకె పెద్దదైన కొద్దీ చక్రం లోపలికి, చిన్నదై సున్నా దాటి మైనస్ అయిన కొద్దీ బయటికి. ఫ్యాక్టరీ డిస్కు తిప్పి చూస్తే దాని మీద 7.5జె, ఈటీ30 లాంటి రెండు అంకెలుంటాయి. జె పక్కది డిస్కు వెడల్పు, ఇంచుల్లో. కొత్తదాన్ని దీనితో పోల్చడానికి రెండు లెక్కలు చాలు. వెడల్పుని మి.మీ.లోకి మార్చి సగం చెయ్యండి. సగం లోంచి ఈటీ తీసేస్తే హబ్బు నుంచి బయటికి ఎంత ఉందో వస్తుంది, ఈటీ కలిపితే లోపలికి ఎంత ఉందో వస్తుంది.

7.5జె అంటే 190.5 మి.మీ., సగం 95. ఈటీ30 అయితే బయటికి 65, లోపలికి 125. ఇది ఫ్యాక్టరీ కొలత అనుకుందాం.

8జె, ఈటీ25 వేస్తే సగం 101.6. బయటికి 76.6, లోపలికి 126.6. అంటే బయటికి ఒక సెంటీమీటరు పైచిలుకు జరిగింది, లోపల మార్పు లేనట్టే. బండి కాస్త వెడల్పుగా నిలబడినట్టు కనపడుతుంది, మడ్‌గార్డ్ దాటదు. నన్నడిగితే ఇంతకి మించి పోవద్దు.

8.5జె, ఈటీ20 అయితే బయటికి 88, లోపలికి 128. బయట 23 మి.మీ. జరిగింది, లోపల ఖాళీ మూడు మి.మీ. తగ్గింది. చాలా బండ్లలో ఇది సరిహద్దు.

9జె, ఈటీ0 అయితే బయటికి 114. ఏకంగా 49 మి.మీ. బయటికొచ్చింది. రెండు పక్కలా కలిపితే బండి దాదాపు పది సెంటీమీటర్లు వెడల్పైంది. ఫొటోల్లో అందరికీ నచ్చేది ఇదే. షాపులో ఎక్కువగా వేలాడేది కూడా ఇదే, ఎందుకంటే ఈటీ సున్నా దగ్గరుంటే లోపల దేనికీ తగలదు, ఏ బండికైనా అమ్మొచ్చు. అమ్మేవాడికి సులువు.

దాని ఖరీదు తర్వాత తెలుస్తుంది. హబ్బు బేరింగు తయారైంది చక్రం బరువు ఒక లెక్క ప్రకారం దాని మీద పడాలని. చక్రం ఐదు సెంటీమీటర్లు బయటికి పోతే అదే బరువు ఎక్కువ దూరం నుంచి బేరింగుని వంచుతుంది. మొదట బేరింగులు గుయ్‌మని మోత మొదలుపెడతాయి. ముందు చక్రాలకి ఇంకో బాధ ఉంది. స్టీరింగ్ తిరిగే అక్షం రోడ్డుని తాకే చోటుకీ టైరు నడిమికీ మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది. కొత్తపట్నం, మైపాడు వైపు రోడ్డు అంచున ఇసుక పేరుకుని ఉంటుంది గదా, ఒక చక్రం ఇసుకలో ఒకటి తారు మీద ఉండగా బ్రేకు కొడితే ఫ్యాక్టరీ డిస్కుల మీద లాగనంతగా పక్కకి లాగుతుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, మడ్‌గార్డ్ దాటిన టైరు వానకాలంలో బురదంతా తలుపులకీ అద్దాలకీ కొడుతుంది.

ఈటీ ఎక్కువున్న కారు డిస్కులు దొరికినప్పుడు మధ్యలో స్పేసర్ వేసి బయటికి తెస్తామంటారు. ఐదు మి.మీ. పలక వేస్తే ఐదు మి.మీ. స్టడ్ పోయినట్టే, నట్టుకి పట్టు తగ్గుతుంది. మందం స్పేసర్లయితే వాటికి వేరే బోల్టులుంటాయి, అవి లోపల వదులైతే పైన డిస్కు విప్పితే గానీ కనపడవు. బరువు మోసే బండికి స్పేసర్ వద్దే వద్దు.

పాత డిస్కు మీద అంకె చెరిగిపోతే కొలుచుకోవచ్చు. ముఖం కిందికి పెట్టి బోర్లా పడుకోబెట్టండి. వెనక అంచు మీద అడ్డంగా తిన్నటి ఇనుప పట్టీ పెట్టి, పట్టీ నుంచి హబ్బుకి ఆనే ముఖం వరకు లోతు కొలవండి. 138 వచ్చిందనుకుందాం. డిస్కు మొత్తం వెడల్పు అంచు నుంచి అంచుకి 216, సగం 108. 138లోంచి 108 తీస్తే ఈటీ 30. అంచు నుంచి అంచుకి వచ్చే కొలత జె కొలత కంటే దాదాపు ఒక అంగుళం ఎక్కువుంటుంది, ఎందుకంటే జె అనేది టైరు కూర్చునే చోటు కొలత. దీన్ని చూసి కంగారు పడొద్దు.

బరువు

డిస్కు వెనకే ఇంకో అంకె ఉంటుంది. 690 కేజీ, 800 కేజీ, 1000 కేజీ ఇలా. మ్యాక్స్ లోడ్ అని పక్కన ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కొనేవాళ్లలో ఈ అంకె చూసేవాళ్లు బహు తక్కువ. అది ఒక్క చక్రం మోయగల బరువు.

మన బండికి ఎంత కావాలో తేల్చడానికి ఆర్‌సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ చూడండి. బండి, మనుషులు, సరుకు అన్నీ కలిపి అది గరిష్ఠం. లెక్కకి 3,000 కిలోలనుకుందాం. నిండా లోడు ఉన్న పికప్‌లో మూడింట రెండు వంతులకి దగ్గరగా వెనక యాక్సిల్ మీదే పడుతుంది. 65 శాతం వేసుకుంటే 1,950. రెండు చక్రాలకి పంచితే ఒక్కోదానికి 975 కిలోలు. అది కూడా బండి సమంగా నిలబడితే. గుంటల గట్టు మీద ఒక పక్కకి వాలినప్పుడు కింది పక్క చక్రం మీద అంతకంటే ఎక్కువ పడుతుంది. బండి ఛాసిస్ ప్లేటు మీద వెనక యాక్సిల్ గరిష్ఠ బరువు విడిగా రాసుంటే ఈ అంచనా అక్కర్లేదు, దాన్ని రెండుతో భాగించండి చాలు.

ఇప్పుడు 690 కిలోల డిస్కుని అక్కడ పెట్టి చూడండి. అది కారు కోసం పోసిన డిస్కు. హోల్సు కలిశాయి, ఈటీ కలిసింది, రంగు బాగుంది. ఒక్కో చక్రానికి 285 కిలోలు తక్కువ. ఖాళీ బండితో సంవత్సరం తిరిగినా ఏం కాదు. లోడుతో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా స్పోకు మొదట్లో, హోల్స్ చుట్టూ సన్నటి పగుళ్లు మొదలవుతాయి. మట్టి కడిగి ఆరబెట్టి ఎండలో వాలుగా చూస్తే వెంట్రుక మందాన నల్లటి గీతగా కనపడతాయి. గోరు పెట్టి గీకితే పెచ్చు లేవకపోతే అది రంగు పగులు కాదు.

పగిలిన అల్లాయ్‌ని వెల్డింగ్ చేసి అమ్మేవాళ్లున్నారు. పోత పోశాక వేడిచేసి చల్లార్చి ఇచ్చిన బలం వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల పోతుంది. పైన రంగు కొడితే తెలియదు. సెకండ్‌హ్యాండ్ డిస్కు కొనేటప్పుడు లోపలి గోడ చుట్టూ చెయ్యి పెట్టి తడమండి. ఎక్కడైనా ఉబ్బు గానీ గ్రైండింగ్ గరుకు గానీ తగిలితే వదిలెయ్యండి. కొత్త రంగు వేసి లోపలి పక్క కూడా నిగనిగలాడుతుంటే ఇంకా అనుమానించాలి. ఎవరూ ఊరికే లోపల రంగెయ్యరు.

లోడు బండికి ఇనుప డిస్కే అనడానికి కారణం ఇదే. ఇనుము ముందు వంగుతుంది, అల్లాయ్‌లా తొందరగా పగలదు. వంగిన అంచుని పంక్చర్ షాపులో సుత్తితో సరిచేసుకుని ఊరు చేరొచ్చు. లోడు రేటింగ్ ఎక్కువున్న ఇనుప డిస్కు ధర కూడా దానికి సరిపడే అల్లాయ్ ధరలో కొంతే. క్వారీల లోపలి రోడ్లలో గ్రానైట్ పెళ్లలు టైరు పక్క గోడని కోసేస్తాయి, డిస్కు అంచుని చీలుస్తాయి. అక్కడికి పెద్ద డిస్కు, సన్న టైరు వేసుకుని పోవడం డబ్బులు పారేసుకోవడమే. డిస్కు చిన్నదిగా, టైరు గోడ ఎత్తుగా ఉండాలి.

అల్లాయ్ మీద గుర్తులు కూడా చూడాలి. మన దేశంలో ఐఎస్ఐ ముద్రతో ఐఎస్ 16192 నంబరుండాలి. జపాన్ పద్ధతిలో జేడబ్ల్యూఎల్ అంటే కారు డిస్కు, చివర టి ఉంటే లారీ, బస్సుల తరహా బరువుకి పరీక్షించినది. ఈ గుర్తులు పోతలో కలిసి పోసి ఉండాలి. స్టిక్కర్ మీద ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

టైరుకీ ఇదే లెక్క. పక్క గోడ మీద సైజు తర్వాత ఉండే అంకె లోడ్ ఇండెక్స్. 100 అంటే 800 కిలోలు, 109 అంటే 1,030, 112 అంటే 1,120, 116 అంటే 1,250. అదే 215/75 ఆర్15 సైజులో కారు టైరు 100 ఇండెక్స్‌తో దొరుకుతుంది, మెత్తగా ఉంటుంది, ధర కూడా తక్కువే. 975 కిలోలు పడే చోట అది 800 కిలోల టైరు. మే నెల ఎండలో హైవే మీద పేలే టైర్లలో ఇలాంటివి ఉంటాయి.

ఎంత పెద్ద టైరు

టైరు ఎత్తు లెక్క: 255/60 ఆర్18 అంటే 255 మి.మీ. వెడల్పు, అందులో 60 శాతం పక్క గోడ ఎత్తు, 18 ఇంచుల డిస్కు. వెడల్పుని శాతంతో హెచ్చించి, రెండింతలు చేసి, డిస్కు ఇంచులని 25.4తో హెచ్చించి కలపండి. వి-క్రాస్‌తో వచ్చే 255/60 ఆర్18 ఎత్తు 763 మి.మీ. దీని బదులు 17 డిస్కు మీద 265/65 వేస్తే 776. రెండు శాతం లోపే తేడా, మీటరు కూడా దాదాపు నిజమే చెప్తుంది, గోడ మాత్రం 153 నుంచి 172 మి.మీ.కి పెరిగింది. గుంటల దారిలో తిరిగే బండికి ఇది మంచి మార్పు. డిస్కు చిన్నది చేసి టైరు పెంచడం అందరూ చేసేదానికి రివర్స్, కానీ మన రోడ్లకి అదే నప్పుతుంది.

285/70 ఆర్17 వేస్తే 831. తొమ్మిది శాతం పెరిగింది. మీటరు 100 చూపిస్తే బండి 109లో పోతుంటుంది. బండి వేగం అందుకోవడం మందగిస్తుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది, స్టీరింగ్ ఫుల్ కట్ చేస్తే మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్‌ని రాస్తుంది. ఈ సైజు కోసం బండి ఎత్తు లేపించి, ప్లాస్టిక్ కోయించి, ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి.

డిస్కు వెడల్పుకీ టైరుకీ పొత్తు కుదరాలి. 265/65 ఆర్17కి 7.5జె నుంచి 9.5జె వరకు, 255/60 ఆర్18కి 7 నుంచి 9 వరకు. హద్దు మీద ఉన్నది కాకుండా నడిమిది తీసుకోండి, 8జె అయితే రెండింటికీ బాగుంటుంది.

టైరు ఎక్కించకముందే చూసుకోవాల్సినవి

టైరు ఎక్కించాక షాపువాడు డిస్కు వెనక్కి తీసుకోడు. అందుకని ముందు ఖాళీ డిస్కుని బండికి తగిలించి చూడాలి. ముందు ఒకటి, వెనక ఒకటి.

కాలిపర్ మీద, స్పోకులు దానికి ఎదురయ్యే చోట, చపాతీ పిండి ముద్ద ఒకటి అతికించండి. పైన కాస్త నూనె రాస్తే డిస్కుకి అంటుకోదు. డిస్కు ఎక్కించి రెండు నట్లు చేత్తో బిగించి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి తీసెయ్యండి. పిండి ఎక్కడ ఎక్కువ అణిగిందో అక్కడ పుల్ల గుచ్చి మందం చూడండి. నాలుగు మి.మీ. కంటే తక్కువుంటే ఆ డిస్కు వద్దు. బ్రేకు వేడెక్కితే లోహం పెరుగుతుంది, చిన్న రాయి ఇరుక్కుంటే గీసేస్తుంది. 18 నుంచి 16కి దిగేవాళ్లకి ఎక్కువగా అడ్డమొచ్చేది ఇదే. లోపలి గోడకి అతికించే బాలెన్సింగ్ సీసం ముక్కలకి కూడా చోటుండాలన్నది మర్చిపోతుంటారు. కాలిపర్‌కి తగిలి ఊడిపోతే వణుకు మళ్ళీ మొదలు.

నట్లు చూడండి. ఫ్యాక్టరీ ఇనుప డిస్కుకి కోను నట్లు ఉంటాయి. టయోటా అల్లాయ్‌లు చాలావాటికి బల్లపరుపు వాషర్‌తో పొడుగు మెడ నట్లు. బయట దొరికే అల్లాయ్‌లకి దాదాపు అన్నిటికీ 60 డిగ్రీల కోను గుంత ఉంటుంది. వాషర్ నట్టుని కోను గుంతలో బిగిస్తే అంచు మీద సన్నటి గీతలా ఆనుతుందే గానీ కూర్చోదు. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది, రెండు రోజుల్లో వదులు. నట్టు చుట్టూ తుప్పు చార కిందికి కారినట్టు కనపడితే అది వదులై కదులుతోందని గుర్తు. డిస్కుతో పాటు కొత్త నట్లు కొనాల్సిందే, మర రెండు బండ్లకీ 12×1.5. నట్టు చేత్తో కనీసం ఎనిమిది చుట్లు తిరగాలి. అయిదారు చుట్లకే ఆగిందంటే డిస్కు మందం ఎక్కువై స్టడ్ చాలడం లేదని అర్థం.

హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో తుప్పు పోయేదాకా రుద్దించండి. డిస్కు వెనక ముఖం మీదా నట్టు గుంతల్లోనూ పౌడర్ కోటింగ్ మందంగా ఉంటే గీకించాలి. ఆ పొర రోజులు గడిచేకొద్దీ అణిగి నట్లు వదులవుతాయి.

బిగింపు: ముందు చేత్తో, తర్వాత ఎదురెదురు నట్లు మార్చి మార్చి, బండి కిందికి దించాక చివరి బిగింపు. గన్ను చివర్లో వాడనివ్వకండి. ఎంత బిగించాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, 12 మి.మీ. స్టడ్‌కి 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య చెప్తారు. టార్క్ స్పానర్ లేకపోతే అర మీటరు పొడవు స్పానర్ చివర 22, 24 కిలోల బరువుతో నొక్కినంత. ఎక్కి తొక్కితే దానికి రెండు మూడింతలు పడుతుంది, స్టడ్ సాగుతుంది. నెల్లూరులో వేయించుకుని ఒంగోలు పోతే అక్కడ దిగాక చల్లారనిచ్చి మళ్ళీ బిగించి చూడండి. కొత్త డిస్కు వంద కిలోమీటర్లకి తప్పకుండా కొంత సర్దుకుంటుంది.

టైర్లు ఎక్కాక రాపిడి పరీక్ష. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒక జానెడు దిమ్మెల మీదికి ఎక్కించి, స్టీరింగ్ రెండు పక్కలా ఫుల్ కట్ చేసి, లోపల టార్చి వేసి చూడాలి. ముందు సస్పెన్షన్ పై ఆర్ముకీ టైరుకీ, వెనక కమాన్ పట్టీలకీ టైరుకీ మధ్య కనీసం వేలు దూరాలి. ఖాళీ తొట్టితో చూస్తే వెనక సంగతి తెలియదు, బస్తాలు వేసి చూడండి.

ఉప్పు

సముద్రం పక్కన తిరిగే బండికి డిస్కు రంగు పైపై విషయం కాదు. రొయ్యల ట్రేల్లోంచి కారే ఐసు నీళ్లు, గుంటల ఉప్పు బురద, రెండూ నేరుగా వెనక చక్రాల మీదే పడతాయి. క్రోమ్ పూత వేసినవి అసలు వద్దు. పూతకి ఒక చోట గీత పడితే ఉప్పు నీరు కిందికి చేరి పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అంచు కోసి మెరిపించిన డైమండ్ కట్ ముఖాలు కూడా అంతే. పైన సన్నటి క్లియర్ పొర తప్ప ఏమీ ఉండదు, రాయి తగిలిన చోటి నుంచి తెల్లటి తీగలు పాకినట్టు కిందికింద పాకుతుంది. మ్యాట్ నలుపు, గన్‌మెటల్ లాంటి నిండు పౌడర్ కోటింగే మేలు. రెండు ముక్కలు కలిపి బోల్టులేసిన డిస్కుల్లో ఆ సందులోకి ఉప్పు చేరుతుంది, వాటి జోలికి పోకండి.

హబ్బు ఇనుము, డిస్కు అల్యూమినియం. మధ్యలో ఉప్పు నీరుంటే రెండూ కరుచుకుపోతాయి. పంక్చరై నట్లన్నీ తీసేసినా డిస్కు రాదు, వెనక నుంచి తంతే గానీ ఊడదు. ఎక్కించేటప్పుడే హబ్బు నడిమి అంచుకి యాంటీ సీజ్ పేస్టు పల్చగా రాయాలి. స్టడ్ల మరకి, నట్టు గుంతకి రాయకూడదు. రాస్తే అదే బలానికి నట్టు మామూలు కంటే ఎక్కువ బిగుస్తుంది.

గాలి వారానికి నాలుగైదు పాయింట్లు తగ్గుతూ పంక్చర్ మాత్రం దొరకకపోతే టైరు కూర్చునే అంచు చూడమనండి. ఇనుప డిస్కులో తుప్పు, అల్లాయ్‌లో తెల్ల పొడి పేరుకుని గాలి అక్కడినుంచి పోతుంటుంది. రుద్ది శుభ్రం చేసి సీలర్ రాస్తే ఆగుతుంది. వాటర్ వాష్ దగ్గర డిస్కులకి యాసిడ్ కొట్టనివ్వకండి. ఆ రోజుకి మెరుస్తుంది గానీ క్లియర్ పొర పోతుంది. మామూలు నీళ్లే లోపలి పక్కకి కొట్టమంటే చాలు. నల్లరేగడి లోపలి గోడకి ఒక పక్క గడ్డ కట్టి ఎండితే బండి హైవే మీద వణుకుతుంది, జనం బాలెన్సింగ్‌కి పరిగెత్తుతారు. ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి.

కాగితాలు, స్టెప్నీ

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే డిస్కు, టైరు సైజుల్లోనే ఉంటే చిక్కు తక్కువ. టైరు బాడీ దాటి బయటికొస్తే రోడ్డు మీద ఆపేవాడికీ, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) పోయినప్పుడు ఇన్‌స్పెక్టర్‌కీ మొదట కనపడేది అదే. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్‌సీ తప్పదు కాబట్టి ప్రతిసారీ డిస్కులు మార్చుకుని పోవాల్సి వస్తుంది. అల్లాయ్‌లని ఇన్సూరెన్స్‌లో విడిగా రాయించి బిల్లు జాగ్రత్త చేసుకోండి. రాయించకపోతే పోయినప్పుడు వాటి డబ్బులు రావు.

నాలుగు కొనాలా ఐదా అంటే ఐదే. నాలుగే కొంటే తొట్టి కింద వేలాడే స్టెప్నీ పాత సైజుది మిగులుతుంది. ఎత్తు ఒకటి రెండు శాతం తేడా అయితే పంక్చర్ షాపు దాకా పర్లేదు. అంతకంటే ఎక్కువైతే వెనక పెట్టినప్పుడు డిఫరెన్షియల్ ఆపకుండా పని చేస్తూనే ఉంటుంది. ఆ స్థితిలో ఫోర్ వీల్ వెయ్యకూడదు. స్టెప్నీ ఇనుప డిస్కు అయితే దానికి కావాల్సిన నట్లు వేరు, కొత్త అల్లాయ్ నట్లు దానికి సరిగ్గా కూర్చోకపోవచ్చు. పాత నట్లు ఆరూ ఒక గుడ్డలో చుట్టి జాకీ పక్కనే పెట్టుకోండి. లాక్ నట్లు వేయించుంటే వాటి తాళం కూడా అక్కడే.